టార్బెట్ రేవు ఉత్తరం

పన్నెండో నంబరు అద్దాల చట్రంలో, రెండో వరసలో, మూడో అట్ట మీద ఉండాల్సిన ఉత్తరం లేదు. దాని చోట పసుపు కాగితం ఒకటి గుచ్చి ఉంది. "న్యాయనిర్ణేతల ఆదేశం మేరకు తొలగించడమైనది. ముద్ర అసలుదనంపై సందేహం." కింద సంతకం లేదు.

వెర్లిన్ టకెట్ దాన్ని రెండుసార్లు చదివాడు. రెండోసారి చదివేటప్పటికి చెవులు వేడెక్కాయి. శనివారం పొద్దున తొమ్మిదైంది. సెడాలియా హోటలు కింది హాల్లో తపాలా ప్రదర్శనకి అప్పటికే జనం చేరారు. పాత ఉత్తరాల వాళ్ళు, స్టాంపుల వాళ్ళు, భూతద్దాలూ కాఫీ కప్పులూ పట్టుకొని చట్రాల మధ్య తిరుగుతున్నారు. వాళ్ళలో ఎంతమంది ఈ పసుపు కాగితం చదివి వెళ్ళారో అతనికి తెలియదు.

ఆ చట్రం ఎదురుగానే హోయ్ట్ అంగడి బల్ల ఉంది. పాత ఉత్తరాలు కొని అమ్ముకునే మనిషి హోయ్ట్. వెర్లిన్‌కి పాతికేళ్ళ స్నేహితుడు.

"చూశావా," అన్నాడు హోయ్ట్, బల్ల మీది పెట్టెలు సర్దుతున్నట్టు నటిస్తూ.

"ఎవడు గుచ్చాడు దీన్ని?"

"ఎవడనేముంది, విట్‌కంబే. నిన్న మధ్యాహ్నం టార్చిలైటు పట్టుకొని నీ చట్రం ముందు ఇరవై నిమిషాలు నిలబడ్డాడు. నేనేమో, ఇక మావాడికి బంగారు పతకం ఖాయం అనుకున్నా."

"నాతో ఒక్క ముక్క అడగొచ్చు కదా. నేనిక్కడే ఉన్నాను. ఆ మూలనే కూర్చొని రొట్టె తింటున్నాను."

"అడగడం ఆయన అలవాటు కాదురా. ఆయన చెప్తాడు, మనం వింటాం."

డాక్టర్ విట్‌కంబ్ సెయింట్ లూయిస్‌లో నలభై ఏళ్ళు పళ్ళు సరిచేసిన మనిషి. పళ్ళ తరవాత ఆయన పని తపాలా ముద్రలు. మిస్సోరీలో ఏ ఊళ్ళో పోస్టాఫీసు ఏ రోజున తెరిచారో, ఏ రోజున మూశారో వాషింగ్టన్ దస్తావేజులు తిరగేసి పెద్ద పుస్తకం వేశాడు. ఈ లోకంలో ఆ పుస్తకమే వేదం. వెర్లిన్ దగ్గరా ఒకటుంది, అట్ట ఊడిపోయి, రబ్బరు బ్యాండు వేసి. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాడు ఆ పుస్తకాన్ని తిరగేసినంతగా ఏ చదువుకున్నవాడూ తిరగేసి ఉండడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా కౌంటీ రోడ్ల మీద మట్టి చదునుచేసే గ్రేడరు బండి నడుపుతూ, మధ్యాహ్నం భోజనం వేళ బండిలోనే ఆ పుస్తకం చదివాడు. ఒసేజ్ నది ఒడ్డున అడవి కొట్టి ఇళ్ళు వేసుకున్న మొదటి జనం రాసుకున్న ఉత్తరాలు, అరవై నాలుగు, ఒక్కొక్కటే పోగేశాడు. ఆ అరవై నాలుగింటికీ తల లాంటిది టార్బెట్ రేవు ఉత్తరం.

ఆ కాలంలో కవర్లు లేవు, స్టాంపులూ లేవు. రాసిన కాగితాన్నే మడతలు పెట్టి, లక్క వేసి, పైన చిరునామా రాసేవాళ్ళు. పోస్టుమాస్టరు తన ఊరి పేరు, తేదీ, ఎంత వసూలు చెయ్యాలో ఆ అంకె కలంతో పైన గీకేవాడు; ఆ రాతే ముద్ర. డబ్బు ఇవ్వాల్సింది పంపినవాళ్ళు కాదు, అందుకున్నవాళ్ళు. నాలుగొందల మైళ్ళు దాటితే పావు డాలరు, అంటే పాతిక సెంట్లు. టార్బెట్ రేవు ఉత్తరం మీద గోధుమ రంగు సిరాతో "టార్బెట్ రేవు, మార్చి 11, 1838" అనీ, పక్కన 25 అనీ ఉంది. కింద నల్ల సిరాతో, వేరే చేతిరాతలో, "తీసుకోలేదు" అని ఉంది. కెంటకీలో ఎవరో ఆ పావు డాలరు కట్టనన్నారు. అక్కడి పోస్టుమాస్టరు చట్టప్రకారం దాన్ని వాషింగ్టన్ పంపాలి. పంపలేదు. బద్ధకించి తన కొట్టు బీరువాలో పడేశాడు. నూట డెబ్బై ఏళ్ళ తరవాత ఆ కొట్టు పడగొట్టినప్పుడు బయటపడింది. లక్క చెక్కు చెదరలేదు. అంటే ఆ ఉత్తరాన్ని ఇంతవరకూ ఎవరూ విప్పలేదు.

అది వెర్లిన్ చేతికొచ్చి పదకొండేళ్ళు. అతనూ విప్పలేదు. ఈ పని తెలిసినవాడెవడూ విప్పడు. పగలని లక్క ఉన్న అలాంటి ఉత్తరాలు దేశం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

పది గంటలకి న్యాయనిర్ణేతల సభ. ప్రదర్శన పెట్టినవాళ్ళు వచ్చి, నాకెందుకు మార్కులు తగ్గాయని నిలబడి అడగొచ్చు, వాళ్ళు జవాబు చెప్తారు. ఏటా జరిగే తంతే. ఎప్పుడూ ఇరవై మంది వచ్చే సభకి ఈసారి అరవై మంది వచ్చారు. కుర్చీలు చాలలేదు. పసుపు కాగితం సంగతి పాకిపోయిందని వెర్లిన్‌కి గుమ్మంలోనే అర్థమైంది. తెలిసినవాళ్ళు తల పంకించి పలకరించి, వెంటనే చూపు పక్కకి తిప్పుకున్నారు. ముప్పై ఏళ్ళలో ఆ చూపు అతని మీద పడటం అదే మొదటిసారి.

అతని భార్య డెల్ఫా వెనక వరసలో గోడ పక్కన కూర్చుంది. బడి వంటశాలలో పని చేసే మనిషి. ఈ ఉత్తరాల పిచ్చి ఆమెకి లేదు, కానీ కారు నడపడానికి, తిండి కట్టి తేవడానికి ప్రతి ప్రదర్శనకీ వస్తుంది.

"అరవకు," అంది అతని మోచెయ్యి పట్టుకొని. "అరిస్తే నువ్వే తప్పు చేశావనుకుంటారు."

"నేనెప్పుడు అరిచాను?"

"ఇప్పుడు."

ముందు బల్ల వెనక ఐదుగురు నిర్ణేతలు. మధ్యలో విట్‌కంబ్, తెల్ల చొక్కా, నీలం టై. ఆయన పక్కన ఆర్డిస్ లిండ్‌క్విస్ట్, మిన్నెసోటా నుంచి వచ్చిన పెద్దావిడ. వెర్లిన్ వంతు వచ్చింది. లేచి నిలబడ్డాడు.

"నాది పన్నెండో చట్రం. దాంట్లోంచి ఉత్తరం తీసేశారు. ఎందుకు తీశారో చెప్పండి."

"మిస్టర్ టకెట్," అన్నాడు విట్‌కంబ్ మెత్తగా, పన్ను పీకేముందు మాట్లాడినట్టు. "ముందుగా ఒక మాట. ఇందులో మీ మీద వ్యక్తిగతంగా ఏమీ లేదు. ముద్ర మీద మాత్రమే మా సందేహం."

"ముద్ర తనంతట తాను రాసుకోదు కదండీ. అది దొంగదైతే ఎవడో దొంగ ఉండాలి."

ఒకరిద్దరు నవ్వారు. విట్‌కంబ్ నవ్వలేదు. ముందున్న పుస్తకం తెరిచి వేలు పెట్టాడు. "టార్బెట్ రేవు పోస్టాఫీసు తెరిచింది 1838 జూలై తొమ్మిదిన. దస్తావేజుల్లో స్పష్టంగా ఉంది. మీ ముద్ర మార్చి పదకొండుది. లేని పోస్టాఫీసు ముద్ర వెయ్యలేదు. నాలుగు నెలల తేడా."

"జూలై తొమ్మిదిన వాషింగ్టన్‌లో గుమాస్తా రాసుకున్నాడు. ఇక్కడ రేవు నడిపిన టార్బెట్ టపా పని ఎప్పుడు మొదలుపెట్టాడో ఆ గుమాస్తాకేం తెలుసు? నేను రోడ్డు పని చేస్తాను డాక్టర్. వానకి కొట్టుకుపోయిన కల్వర్టు ముందు పూడుస్తాం. దాన్ని పూడ్చమని కౌంటీ నుంచి కాగితం మూడు నెలలకి వస్తుంది. కాగితం వచ్చేదాకా ఆగితే బడి బస్సు గుంటలో పడుతుంది. కాగితం తేదీ చూసినవాడు, అంతవరకూ అక్కడ రోడ్డే లేదంటే ఏం చెప్పాలి?"

వెనక నుంచి "నిజమే" అని ఎవరో అన్నారు.

"అది మీ అనుభవం," అన్నాడు విట్‌కంబ్. "గౌరవిస్తాను. కానీ మేం పత్రాల మీద ఆధారపడాలి. ఇక రెండోది, సిరా. చిరునామా నల్లగా ఉంది, ముద్ర గోధుమ రంగులో ఉంది. మీ వివరణ అట్ట మీద ఏం రాశారంటే, ఆ పోస్టుమాస్టర్లు వాల్‌నట్ తొక్కలు కాచి సిరా చేసుకునేవాళ్ళని."

"చేసుకునేవాళ్ళు. రెండు ఉత్తరాల్లో ఆ సంగతి చదివాను."

"చేసి చూపించారు కూడా. మీ వంటింట్లో కాచి, దానితో ఒక వాక్యం రాసి అట్ట మీద అంటించారు. నిన్న నాకు సీసా కూడా చూపించారు. వాసన చూడమన్నారు."

ఆ సిరా కోసం వెర్లిన్ ఇనపమేకులు వేసి మూడు రోజులు కాచాడు. వేళ్ళు వారం రోజులు నల్లగా ఉంటే డెల్ఫా వాటితో రొట్టె ముట్టుకోనివ్వలేదు. రంగు అచ్చు గుద్దినట్టు కలిసినప్పుడు అతను వంటింట్లో గెంతినంత పని చేశాడు. నిన్నంతా కనిపించిన ప్రతివాడికీ జేబులోంచి తీసి ఆ సీసా చూపించాడు. ఆ సంతోషంలో ఒక్కసారైనా తట్టలేదు, తను తన మీదే సాక్ష్యం కాచుకుంటున్నానని.

"మరి ఆ సీసా ఇంకా మీ దగ్గరే ఉందా?" అన్నాడు విట్‌కంబ్.

అతని చెయ్యి తనకి తెలియకుండానే కోటు జేబు మీదికి పోయింది. అరవై మంది ఆ చేతిని చూశారు.

"నాకు కావాల్సింది అంతే," అని విట్‌కంబ్ పుస్తకం మూశాడు.

వెర్లిన్‌కి కాసేపు ఏమీ వినపడలేదు. మనిషిని చెంప మీద కొట్టి, నేను కొట్టింది నీ చెంపని మాత్రమే, నిన్ను కాదు అన్నట్టుంది. ముప్పై ఏళ్ళుగా వీళ్ళ మధ్య తిరిగాడు. దొంగ ముద్రలు అమ్మేవాళ్ళని ఇద్దర్ని పట్టిచ్చాడు. ఆనాడు వీపు తట్టినవాళ్ళు ఈరోజు కాళ్ళ వైపు చూసుకుంటున్నారు. వాళ్ళలో ఒక్కడూ లేచి, ఇతను అలాంటివాడు కాదని అనలేదు. హోయ్ట్ కూడా అనలేదు. అందరికీ ఆ పుస్తకం కావాలి, ఆ పుస్తకం రాసిన మనిషి మంచిమాట కావాలి. గ్రేడరు నడిపేవాడి మంచిమాట ఎవరికి కావాలి.

అప్పుడు ఆర్డిస్ నోరు విప్పింది. "ఒక్క ప్రశ్న. లోపల ఏముంది? ఒక్కోసారి లోపలి రాతలో రుజువు దొరుకుతుంది."

"విప్పలేదండి," అన్నాడు వెర్లిన్. "లక్క పగలలేదు."

హాలంతా ఊపిరి పీల్చినట్టైంది. అతన్ని దొంగ అనుకుంటున్నవాళ్ళు కూడా ఆ మాటకి మెత్తబడ్డారు. పగలని లక్క అంటే వాళ్ళకంత భక్తి.

"విప్పమని నేను అడగను," అన్నాడు విట్‌కంబ్ వెంటనే. "అది మళ్ళీ సరిచెయ్యలేని పని. ముద్ర సంగతి ఎలా ఉన్నా, ఆ లక్క చారిత్రక వస్తువు. దాన్ని పగలగొట్టడం అనాగరికం. ఉత్తరాన్ని మర్యాదగా ఇంటికి తీసుకెళ్ళండి, మేమూ దీన్ని ఇంతటితో వదిలేస్తాం."

వెర్లిన్‌కి అప్పుడు అర్థమైంది, ఈయన ఎంత నిబ్బరంగా కూర్చున్నాడో, ఎందుకు కూర్చున్నాడో. తను విప్పడని ఆయనకి తెలుసు. అందుకే సందేహం పెట్టి, తాళంచెవి తన చేతికే ఇచ్చి, తిప్పితే పాపం అంటున్నాడు. ఇంటికి తీసుకెళ్తే తను బతికినంత కాలం ఈ హాళ్ళలో గుసగుసే. టకెట్, అదే, ఆ సిరా సీసా టకెట్.

"విప్పు, వెర్లిన్," అంది వెనక నుంచి డెల్ఫా.

అందరూ అటు తిరిగారు. ఆమె కూర్చొనే ఉంది, ఒళ్ళో సంచి పెట్టుకొని.

"మేడమ్, మీకు ఈ విషయం…" అన్నాడు విట్‌కంబ్.

"నాకు ఈ విషయం తెలియదండి. ఎవరో కూర్చొని ఉత్తరం రాశారని మాత్రం తెలుసు. పదకొండేళ్ళుగా మా ఇంట్లో పెట్టుకొని, భూతద్దంతో పైకప్పు చూడటమే గానీ తలుపు కొట్టినవాడు లేడు. విప్పు."

"లక్క పోతుంది డెల్ఫా," అన్నాడు వెర్లిన్, అలవాటుగా.

"పరువు పోయాక లక్కెందుకు?"

వెర్లిన్ ముందుకి నడిచాడు. ఆర్డిస్ పక్కగది నుంచి ఉత్తరాన్ని తెప్పించింది, సన్నటి ప్లాస్టిక్ తొడుగులో. అతను దాన్ని బల్ల మీద నల్లగుడ్డ మీద పెట్టి, జేబులోంచి సీసా కాదు, మడతకత్తి తీశాడు. ఎవరో "వద్దు వద్దు" అన్నారు. ఒకావిడ మొహం తిప్పుకుంది. అతను కత్తి మొన లక్క కిందికి పోనిచ్చి మెల్లగా ఎత్తాడు. లక్క ఎండిన కొమ్మలా చిటుక్కుమని రెండైంది.

మడతలు విప్పుతుంటే లోపలి కాగితం నిన్న కొన్నంత తెల్లగా ఉంది. వెలుతురు తగలని కాగితం. మడతలోంచి చిటికెడు ఇసక నల్లగుడ్డ మీదికి జారింది, సిరా ఆరడానికి చల్లిన ఇసక. అతను చదవబోయి ఆగాడు. పాత చేతిరాతలు అతనికి కొట్టిన పిండి. అయినా కాగితాన్ని విట్‌కంబ్ ముందుకి తిప్పి జరిపాడు.

"మీరు చదవండి డాక్టర్. నేను చదివితే కల్పించానంటారు. గట్టిగా చదవండి, వెనకవాళ్ళకి వినపడాలి."

విట్‌కంబ్ కళ్ళజోడు సవరించుకున్నాడు. ముందు పై వరస చూశాడు. "తేదీ మార్చి పది," అన్నాడు. తరవాత వేలు కిందికి పరిగెత్తింది, పోస్టుమాస్టరు పేరు కోసం వెతుకుతూ.

"అలా దూకకండి. మొదటి నుంచి."

ఆయన గొంతు సవరించుకొని మొదలుపెట్టాడు.

"తమ్ముడు అసాహెల్‌కి అక్క పర్మీలియా రాసేది. మా ఆయన జోయబ్ ఫిబ్రవరి పద్నాలుగున చలిజ్వరంతో పోయాడు. నేల గడ్డకట్టి గుంట తవ్వడం కుదరక ఐదు రోజులు పాకలోనే ఉంచాం. తరవాత టార్బెట్ గారూ ఆయన పనివాడూ వచ్చి నిప్పు వేసి నేల కరిగించి తవ్వారు. పిల్లలిద్దరూ బాగానే ఉన్నారు, చిన్నదానికి దగ్గు తగ్గలేదు. నది పొంగి కింది పొలం మునిగింది. ఆవు ఉంది, గుర్రం లేదు. నువ్వు మొక్కజొన్న విత్తే లోపల బండి కట్టుకొని రావాలి. వస్తే మేం ముగ్గురం నీతో వచ్చేస్తాం. నా తిండి నేను సంపాదించుకుంటాను, నీ భార్యకి బరువు కాను, అది ఆమెకి చెప్పు."

ఇక్కడ విట్‌కంబ్ ఆగాడు. కాగితాన్ని మొహం దగ్గరికి తీసుకున్నాడు. ఆర్డిస్ పక్కనుంచి తొంగిచూసి, "రంగు మారింది," అంది నెమ్మదిగా. "ఈ వాక్యం దగ్గర్నుంచి. నలుపు పోయి గోధుమ రంగైంది."

"చదవండి," అన్నాడు వెర్లిన్.

"పైన నీ పేరూ ఊరూ ముందే రాసిపెట్టాను, ఇంతలో నా సిరా అయిపోయింది. ఇది టార్బెట్ గారి సిరా, కాయల తొక్కలతో కాచింది, మన్నించు, పాలిపోయి ఉంటుంది. కొత్త సంవత్సరం నుంచి టపా సంచి ఆయనే చూస్తున్నాడు. వాషింగ్టన్ కాగితం ఇంకా రాలేదు గానీ గుర్రం మీద వచ్చే టపా మనిషి సంచి తీసుకుంటున్నాడు. దీనికి నీ దగ్గర పావు డాలరు పుచ్చుకుంటారు. ముందే కట్టడానికి నా దగ్గర లేదు, కోపగించుకోకు. వచ్చినప్పుడు జోయబ్ పెద్ద రంపం నువ్వు తీసుకో, అది పావు డాలరుకి ఎక్కువే చేస్తుంది. రావడం కుదరకపోతే ఒక్క ముక్క రాసి పంపు. అప్పుడు ఎదురుచూడటం మానేస్తాను. మీ అక్క పర్మీలియా గోఫోర్త్."

ఒక్కసారిగా హాల్లో అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. కుర్చీలు జరిగాయి. వెనకవాళ్ళు ముందుకి వచ్చారు. నియామక పత్రం రాకముందే టపా నడిపిన రేవు, మాటల్లో రుజువైన మొదటి ఉత్తరం, ఒకే కాగితంలో రెండు సిరాలు. ఎవరో ఫోను తీసి ముద్రకి ఫొటో తీస్తున్నారు, కాగితం అంచు పట్టుకొని పైకి తిప్పి. విట్‌కంబ్ మొహం వెలిగిపోయింది. అది నిజమైన సంతోషమే. అది చూసి వెర్లిన్‌కి ఇంకా మండింది.

"అద్భుతం," అన్నాడు విట్‌కంబ్. "మిస్టర్ టకెట్, నా పుస్తకం కొత్త కూర్పులో దీన్ని దిద్దుతాను. మీ పేరుతో సహా. జూలై కాదు, జనవరి. బంగారు పతకం గురించి ఇక చర్చే అక్కర్లేదు. ఆ లక్క పోవడం ఒక్కటే బాధ."

"బాధ అదొక్కటేనా?"

"అంటే?"

"ఏమీ లేదు. ముందు నా సంగతి చూడండి. మీ పసుపు కాగితం ఇంకా అక్కడే ఉంది."

"దాన్ని తీయించేస్తాను."

"తీయించకండి. దాని మీదే రాయండి. దొంగ అన్నది నలుగురి ముందు, కాదన్నది చెత్తబుట్టలోనా?"

"మేం ఎవర్నీ దొంగ అనలేదు. ముద్ర మీద మాత్రమే…"

"జేబులో సీసా ఉందా అని అడిగినప్పుడు మీరు ముద్రనే అడిగారా?"

ఆర్డిస్ లేచి వెళ్ళి ఆ పసుపు కాగితం తెచ్చి విట్‌కంబ్ ముందు పెట్టి కలం మూత తీసి ఇచ్చింది. ఆయన రాశాడు. ముద్ర అసలైనది అని రాసి ఆపబోతే వెర్లిన్ కదల్లేదు. పొరపాటు నాది అని ఇంకో ముక్క రాసి, ఈసారి సంతకం పెట్టాడు. జనంలో కొందరు చప్పట్లు కొట్టారు. హోయ్ట్ అందరికన్నా గట్టిగా కొట్టాడు.

"ఇప్పుడు కొడుతున్నావా," అన్నాడు వెర్లిన్ వాడి వైపు చూడకుండా.

"నాకేం తెలుసురా, నువ్వు నిజంగానే…"

"అదేరా నేననేది. పాతికేళ్ళు, నీకేం తెలుసు."

పావుగంట తరవాత చట్రం తెరిచి ఉత్తరాన్ని మళ్ళీ అట్ట మీద పెట్టే పని జరిగింది. హోటలు కుర్రాళ్ళు కాఫీ పళ్ళాలు ఎత్తుతున్నారు. వెర్లిన్ చేతులు తుడుచుకొని కాగితాన్ని తీసుకున్నాడు. పాత మడతల ప్రకారం మడిచి, ముద్ర పైకి వచ్చేలా పెట్టాలి. చెయ్యి అలవాటు కొద్దీ మొదటి మడత పెట్టింది. అక్కడ ఆగిపోయింది.

అతని కోపం చల్లారాల్సింది. పేరు మీది మచ్చ కడిగేశారు, పతకం ఇస్తామన్నారు. కానీ చల్లారలేదు, ఇంకెక్కడికో పోయింది. ఆ చదివినంతసేపూ ఇంతమందిలో ఒక్కరూ, అయ్యో ఆమె ఏమైంది అనలేదు. భర్త శవాన్ని ఐదు రోజులు పాకలో పెట్టుకున్న మనిషి ముందుకొచ్చి నిలబడితే, సిరా రంగు మారిందన్నారు. ఆ కెంటకీ తమ్ముడి మీద కూడా ఒళ్ళు మండింది. అక్క చేతిరాత గుర్తుపట్టి ఉంటాడు. చేతిలోకి తీసుకొని, పైన 25 అంకె చూసి, తిరిగి ఇచ్చేసి ఉంటాడు. ఇక ఆమె వసంతమంతా రేవు వైపు చూస్తూ కూర్చొని ఉంటుంది. రాలేనని ఒక్క ముక్క వస్తే మానేద్దామని.

మడత విప్పాడు. రాసిన వైపు పైకి పెట్టి, నాలుగు మూలలా పట్టీలు తొడిగాడు. ముద్ర, అంకె, "తీసుకోలేదు" అన్న మాట, అన్నీ అట్ట వైపు వెళ్ళిపోయాయి.

విట్‌కంబ్ పతకం రిబ్బనుతో వచ్చి చట్రం ముందు ఆగాడు. "ఇది తిరగబడింది."

"లేదండి. సరిగ్గానే ఉంది."

"ముద్ర కనపడటం లేదు."

"అవును."

"మిస్టర్ టకెట్, ఇది తపాలా ముద్రల ప్రదర్శన. ముద్ర కనపడకుండా మేం దేనికి మార్కులు వెయ్యాలి? పోనీ, పక్కన ముద్ర ఫొటో అయినా పెట్టండి. నియమం ఒప్పుకుంటుంది."

"పెట్టను. అసాహెల్ కూడా అదే చూశాడు. అది చూసే వద్దన్నాడు."

ఈసారి విట్‌కంబ్ గొంతులో మెత్తదనం లేదు. "అతను ఒక్క పూట చూశాడు. మీరు పదకొండేళ్ళు చూశారు."

ఆ మాట నేరుగా దిగింది. తప్పించుకోవడానికి సందు లేదు. పొద్దుటి నుంచి ఆ మనిషి అన్న మాటల్లో నిజమైంది అదొక్కటే. పదకొండేళ్ళు ఆ ఉత్తరాన్ని వెలుతురులో పెట్టి, నీడలో పెట్టి, సిరా కోసం కాయలు కాచి, దాని మీద మూడుచోట్ల ఉపన్యాసం ఇచ్చాడు. లక్క అవతల ఒక మనిషి ఉందని గుర్తుచేసిన భార్యని, నీకు తెలియదులే అన్నాడు.

"చూశాను," అన్నాడు వెర్లిన్. "ఇక చాలు."

అద్దం మూసి, నాలుగు మరలూ బిగించాడు. విట్‌కంబ్ జేబులోంచి జాబితా తీసి పన్నెండో నంబరు మీద గీత కొట్టి, "పోటీలో లేదు" అని రాశాడు. రిబ్బను మడిచి జేబులో పెట్టుకొని వెళ్ళిపోయాడు.

డెల్ఫా వచ్చి పక్కన నిలబడింది. కళ్ళజోడు పెట్టుకొని మొదటి వరస నుంచి మెల్లగా, పెదాలు కదుపుతూ చదివింది. చివరికి వచ్చాక సంచిలోంచి హామ్ మాంసం పెట్టిన రొట్టె తీసి అతని చేతిలో పెట్టింది. అతను తినలేదు, పట్టుకొని నిలబడ్డాడు.

జనం రావడం మొదలైంది. విషయం విన్నవాళ్ళు, ఆ ముద్ర చూద్దామని వచ్చేవాళ్ళు. ముందుగా వచ్చినవాడు మెడలో భూతద్దం వేలాడేసుకున్న పొడుగాటి మనిషి, కాన్సాస్ నుంచి. చట్రం ముందు వంగి, పైకీ కిందికీ చూసి, అయోమయంగా తలెత్తాడు.

"మార్చి ముద్ర ఉందన్నారు, ఎక్కడ?"

"వెనక ఉంది."

"వెనక పెట్టారేంటి? ఒక్కసారి తిప్పి చూపిస్తారా? ఎంతో దూరం నుంచి వచ్చాను."

"ఆమె కూడా దూరం నుంచే రాసింది," అన్నాడు వెర్లిన్. రొట్టె డెల్ఫాకిచ్చి, చేతులు కట్టుకొని చట్రం అంచుకి ఆనుకున్నాడు. "ముందు ఇది చదువు. మొత్తం చదువు. మిగతాది తరవాత మాట్లాడుకుందాం."